వానబిందెకి కుళాయి కనెక్షనా?

అయ్యా, ముందుగా ఒక ప్రశ్న. వాన కురుస్తోంది. చూరు కింద బిందె పెట్టారు. "మునిసిపాలిటీ కుళాయి కనెక్షన్ ఇప్పిస్తే గాని వాననీళ్ళు పట్టను" అని ఆ బిందె మొండికేసింది. అప్పుడు మీరు బిందెని తిడతారా, దాన్ని అలా తయారుచేసి మీకు అంటగట్టినవాణ్ణి తిడతారా? నేను రెండోవాణ్ణే తిట్టదలిచాను. బిందెకేం తెలుసు పాపం!

సదరు బిందె మా హాల్లో టీవీ కింద కూర్చుని ఉంది. దాన్ని సెటాప్ బాక్సు అంటారు.

మేముండేది నల్లగండ్లలో. లింగంపల్లి స్టేషన్లో దిగి తెల్లాపూర్ దారి పడితే వస్తుంది. ఒకప్పుడు చెరువూ బండలూ ఉండేవట. ఇప్పుడు చెరువు మిగిలింది, బండల మీద మేం మిగిలాం. తొమ్మిదో అంతస్తు. బాల్కనీ దక్షిణానికి ఉంది. "దక్షిణమా!" అని మా వియ్యంకుడు మొహం చిట్లించాడు గాని, డిష్షు పెట్టుకోవడానికి అంతకు మించిన వాస్తు లేదు. టీవీ ఉపగ్రహాలు భూమధ్యరేఖకి పైన నిలబడి ఉంటాయి గనక హైదరాబాదు డిష్షులన్నీ దక్షిణానికో ఆగ్నేయానికో మొహం పెట్టుకోవలసిందే. ఉత్తరపు బాల్కనీ వాళ్ళు డాబా మీదికి పోక తప్పదు.

మా అమ్మకి ఎనభై ఆరేళ్ళు. కళ్ళు సగమే కనిపిస్తాయి. అయినా టీవీ విషయంలో ఆవిడ ఎవరి మీదా ఆధారపడలేదు. తెల్లారగట్ల వెంకటేశ్వర భక్తి ఛానెల్లో సుప్రభాతం, మధ్యాహ్నం కల్యాణం, సాయంత్రం యాదగిరి దూరదర్శన్. రిమోట్ మీద ఏ మీట ఎక్కడుందో వేళ్ళకే తెలుసు. మంచినీళ్ళకి కూడా కోడల్ని పిలవాల్సిన వయసులో, తనంతట తాను చేసుకోగలిగిన పనుల్లో అదొకటి. ఈ ముక్క గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తాను.

పాత బాక్సు పోయింది. కంపెనీ వాళ్ళు కొత్తది పంపారు. కంపెనీ పేరెందుకు లెండి, అందరూ ఆ తాను ముక్కలే. బిగించడానికి వచ్చిన కుర్రాడు మంచివాడు. చెప్పులు బయట విడిచి, అమ్మకి దణ్ణం పెట్టి, డిష్షు వైపు కూడా చూడకుండా, "సార్, ఇంట్ల వైఫై ఉందా?" అన్నాడు.

"డిష్షు ఉందిగదయ్యా!"

"డిష్ ఉంటది సార్. గని గిది కొత్త బాక్స్. నెట్ అడుగుతది."

"ఇవ్వకపోతే?"

"స్కిప్ కొట్టొచ్చు సార్. గని ఊకె అడుగుతనే ఉంటది."

నేను ముప్ఫై నాలుగేళ్ళు టెలిఫోన్స్ డిపార్ట్‌మెంటులో తీగలు లాగి రిటైరయినవాణ్ణి. కనెక్షనంటే నాకు పగేం లేదు. డాలస్‌లో ఉన్న మనవరాలి మొహం రోజూ చూస్తున్నానంటే ఆ కనెక్షన్ల చలవే. అంచేత సరే కానీయమన్నాను. అక్కడ మొదలయింది.

తెర మీద వైఫైల జాబితా వచ్చింది. ఇరవై మూడు! మా అంతస్తువీ పై అంతస్తువీ కింది అంతస్తువీ వరసగా నిలబడ్డాయి. ఒకాయన తన వైఫైకి 'మీది మీరు పెట్టించుకోండి' అని పేరు పెట్టాడు. మాది వెతికి పట్టుకున్నాం. ఇక పాస్‌వర్డు. మా అబ్బాయి పెట్టింది పద్నాలుగు అక్షరాలు. అందులో పెద్దబడి, చిన్నబడి, రెండంకెలు, ఒక డాలరు గుర్తు, చివర ఒక ఆశ్చర్యార్థకం. శార్దూలానికైనా ఇన్ని నియమాలు లేవు. రిమోట్ బాణాలతో ఒక్కొక్క అక్షరం దగ్గరికీ నడిచి వెళ్ళి నొక్కాలి. పదకొండో అక్షరం దగ్గర తప్పాం. మళ్ళీ మొదటికి.

పాస్‌వర్డు కుదిరాక సిగ్నలు కుదరలేదు. రౌటరు మా అబ్బాయి గదిలో ఉంది. మధ్యలో ఒక్కటే గోడ. చూడండి చిత్రం! ఉపగ్రహం ఉన్నది ముప్ఫై అయిదు వేల ఏడు వందల ఎనభై ఆరు కిలోమీటర్ల ఎత్తున. అక్కణ్ణించి బయల్దేరిన బొమ్మ సుబ్బరంగా మా బాల్కనీలో దిగుతోంది. పక్కగదిలోంచి రావలసింది మాత్రం గోడ దాటలేక చతికిలబడింది. ఇందులో మాయేమీ లేదు. ఆకాశంలో అడ్డం లేదు. జడివాన పడితే తప్ప ఆ తరంగానికి తిరుగులేదు. ఇంట్లో ఇనపచువ్వల కాంక్రీటు గోడ అడ్డం. వైఫైలో రెండు రకాలున్నాయి. 2.4 గిగాహెర్ట్జ్‌ది కాస్త నిదానమైనా గోడల్ని ఓర్చుకుంటుంది. 5 గిగాహెర్ట్జ్‌ది చురుకైంది గాని గోడ కనబడితే నీరుగారిపోతుంది. మా రౌటరు రెంటికీ ఒకే పేరు పెట్టుకుని కూర్చుంది. బాక్సు పోయి పోయి రెండోదాన్ని పట్టుకుంది. పేర్లు విడదీసి, మొదటిదానికి ముడిపెట్టేసరికి గంటంపావు. వైఫై జోలికి పోకుండా లాన్ తీగ గుచ్చేస్తే క్షణంలో పని, ఆ తూటు బాక్సు వెనకాలే ఉంది. కాని హాలు మధ్య తీగ పాకితే మా ఆవిడ ఒప్పుకోదు.

గంటంపావు కష్టపడి సంపాదించిందేమిటయ్యా అంటే, అమ్మ ఛానెళ్ళు అంతకు ముందు ఎంత బాగా వచ్చేవో అంత బాగానే వచ్చాయి. పైపెచ్చు టీవీ పెట్టగానే సినిమా పోస్టర్లు గోడ నిండా అంటించినట్టు దర్శనమిచ్చాయి. ఛానెళ్ళు వాటి అడుగున ఎక్కడో.

అదయినా ఓర్చుకున్నాం. నెల తర్వాత మా అబ్బాయి పాస్‌వర్డు మార్చాడు. పైనున్న ఇంటివాళ్ళెవరో వాడుకుంటున్నారని అనుమానం. ఫోన్లన్నిటికీ కొత్తది ఇచ్చాడు. బాక్సు సంగతి మరిచిపోయాడు. మర్నాడు తెల్లవారుజామున అమ్మ టీవీ పెట్టింది. సుప్రభాతం వినబడుతూనే ఉందట, కాని తెర నడిమధ్య ఇంగ్లీషులో ఇంత పెద్ద పలక. ఏ మీట నొక్కితే ఏమవుతుందోనని ఆవిడ కట్టేసింది.

మాకెవరికీ చెప్పలేదు. ఒకరోజు, రెండు రోజులు, నాలుగు రోజులు. పొద్దున్నే ఇల్లు నిశ్శబ్దంగా ఉందేమిటా అనుకున్నాను గాని నాకూ తట్టలేదు. నాలుగోనాడు మా ఆవిడ అడిగితే, అమ్మ గొంతు తగ్గించి, "ఏదో నొక్కేశానే అమ్మా, పాడయిపోయింది. వాడు మొన్ననే డబ్బు పోసి కొన్నాడు, ఏం చెప్పను?" అందట.

నాకు కోపమొచ్చింది ఆ మాటకే. కిందటి వాక్యంలో 'పాడయిపోయింది' అన్న ముక్క చూడండి. ఏదీ పాడవలేదు. డిష్షు బాగుంది, తీగ బాగుంది, ఉపగ్రహం దాని చోట అది ఉంది, నెలకింతని డబ్బు కట్టే ఉన్నాం. తనకు అక్కర్లేని వస్తువు దొరకలేదని ఒక బాక్సు అలిగితే, ఎనభై ఆరేళ్ళ మనిషి తప్పు తన మీద వేసుకుని నాలుగు రోజులు చీకటి తెర ముందు కూర్చుంది.

అక్కర్లేని వస్తువే అంటున్నాను, డిపార్ట్‌మెంటులో పనిచేసినవాణ్ణి గనక. బొమ్మా మాటా ఆకాశం నుంచే వస్తాయి. ఏ ఛానెల్లో ఎన్నింటికి ఏముందో చెప్పే పట్టిక ఆకాశం నుంచే వస్తుంది. మీరు డబ్బు కట్టారన్న తాళంచెవి, ఆఖరికి బాక్సు లోపలి సాఫ్టువేరు మార్పులు కూడా ఆ దారినే దింపొచ్చు. ఇంటర్నెట్టు కావలసింది పాత ఎపిసోడ్లు వెతుక్కోవడానికీ, యాప్‌లలో సినిమాలు చూడడానికీ. కావలసినవాళ్ళు పెట్టుకుంటారు, మా మనవడు పెట్టుకున్నాడు, వద్దన్నానా? కాని దేవుడి కల్యాణం చూడ్డానికి అదెందుకు?

కారణం ఉంది. డిష్షు ఒంటిదారి. ఆకాశం చెబుతుంది, మనం వింటాం. మనం ఏం చూశామో, ఎప్పుడు కట్టేశామో డిష్షు పైకి చెప్పలేదు. వైఫై కలిపిన క్షణం నుంచి బాక్సుకి నోరొచ్చింది.

ఎవరేం చూస్తున్నారో తెలుసుకోవడం తప్పని నేననను. 1975 ఆగస్టు నుంచి 1976 జూలై దాకా, అమెరికా వాళ్ళ ఏటీఎస్-6 ఉపగ్రహం సాయంతో ఆరు రాష్ట్రాల్లో 2,400 గ్రామాలకి టీవీ చూపించారు, సైట్ అని. అప్పటి మన ఆంధ్రప్రదేశ్ పల్లెలూ ఉన్నాయి అందులో. కోళ్ళగూడు వలతో అల్లిన మూడు మీటర్ల డిష్షులవి. చూసినవాళ్ళు ఏమనుకున్నారో తెలుసుకోవడానికి ఇస్రో ఏం చేసింది? మనుషుల్ని పల్లెలకి పంపి, పలకరించి, అడిగించింది. ఈనాడు రేటింగులు కట్టే బార్క్ వాళ్ళు కూడా దేశంలో యాభై వేలకు పైగా ఇళ్ళలో, ఇంటివాళ్ళ ఒప్పుదలతోనే మీటర్లు పెట్టారు. గుమ్మంలో నిలబడి అడగడం వేరు, ఇంట్లో దూరి తొంగిచూడడం వేరు. అమెరికాలో విజియో అనే టీవీల కంపెనీ ఒక కోటీ పది లక్షల టీవీల్లో జనం ఏం చూస్తున్నారో సరిగా చెప్పకుండా కూడబెట్టిందని అక్కడి ప్రభుత్వం పట్టుకుంటే, 2017లో ఇరవై రెండు లక్షల డాలర్లు కట్టి కేసు పరిష్కరించుకుంది. మా బాక్సు అలాంటి పని చేస్తోందని నేననను. చేస్తోందో లేదో తెలుసుకునే దారి నాకు లేదనడమే నా ఫిర్యాదు. 'అంగీకరిస్తున్నాను' అన్న మీట పైన ఇంగ్లీషులో పేజీలకి పేజీలు ఉంది. బిగించే కుర్రాడు అది చదవకుండానే నా తరఫున నొక్కేశాడు. నేనూ చూస్తూ ఊరుకున్నాను, నా తప్పూ ఉంది.

మన పార్లమెంటు 2023లో వ్యక్తిగత సమాచార రక్షణకి చట్టం చేసింది. అందులో ఉన్న మాట: సమ్మతి అడిగేవాడు తేట మాటల్లో అడగాలి, ఇంగ్లీషులో గాని రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్లోని ఏ భాషలో గాని చదువుకునే వీలుండాలి. ఆ షెడ్యూల్లో తెలుగుందండీ! ఇచ్చిన సమ్మతిని వెనక్కి తీసుకోవడం, ఇచ్చినంత సులువుగా ఉండాలని కూడా ఉంది. నియమాలు 2025 నవంబరులో వచ్చాయి, ముఖ్యమైన బాధ్యతలకి పద్దెనిమిది నెలల గడువిచ్చారు. వాననీటి బిందెలు మాత్రం గడువు కోసం ఆగుతాయా?

మా అబ్బాయి గచ్చిబౌలిలో సాఫ్టువేరు వాడే. "నాన్నా, నీ ఫోనుకి నీ సంగతులన్నీ తెలుసు. టీవీకి తెలిస్తే వచ్చిందా?" అన్నాడు. మంచి ప్రశ్నే. ఫోను నా జేబులోది, తప్పో ఒప్పో నేను ఒప్పుకున్నాను. టీవీ హాల్లోది. దాని ముందు నాలుగు తరాలు కూర్చుంటాయి. అమ్మ తరఫున ఒప్పుకోవడానికి నేనెవణ్ణి? ఆవిణ్ణి అడిగే నాథుడు లేడు, అడిగినా ఆవిడకొచ్చిన భాషలో అడగరు.

కుదరదంటారా? సూర్యాపేట దగ్గర మా చెల్లెలింట్లో దూరదర్శన్ వాళ్ళ ఫ్రీ డిష్ ఉంది. 2004 డిసెంబరు నుంచి ఉన్న ఏర్పాటే. నెలకి చందా లేదు, పాస్‌వర్డు లేదు, మీట నొక్కితే బొమ్మ. అసలు బాక్సే లేకుండా టీవీలోనే ఉపగ్రహ ట్యూనరు పెట్టే కొలమానాన్ని భారత ప్రమాణాల సంస్థ ఎప్పుడో ఖరారు చేసింది. అంటే కుదరక కాదు. పైసా తీసుకోనివాడు ఏమీ అడగడం లేదు, నెలనెలా తీసుకునేవాడు డబ్బూ తీసుకుని వైఫై కూడా తెమ్మంటున్నాడు. బ్రాడ్‌బాండుకి విడిగా కట్టేదీ మనమే!

ఆ నాలుగోనాటి సాయంత్రం నేను బాక్సు సెట్టింగుల్లోకి వెళ్ళి మా వైఫైని దాని జ్ఞాపకంలోంచి చెరిపేశాను. 'ఫర్‌గెట్' అన్న మీట ఉంటుంది, మీరూ వెతుక్కోండి. మనవడు "తాతా, నా కార్టూన్లు!" అని రాగం తీశాడు. వాడికోసం రౌటర్లో గెస్ట్ అని వేరే వైఫై తెరిచాం. ఇంట్లో కంప్యూటర్లూ ఫోన్లూ ఉన్న వైఫై జోలికి అది రాదు. ఆదివారం రెండు గంటలు బాక్సుని దానికి కలపడం, తర్వాత చెరిపేయడం వాడి డ్యూటీ. మిగతా వారమంతా బాక్సు నోరు మూసుకుని ఉంటుంది.

మూసుకునే ఉంటుందా! పెట్టినప్పుడల్లా అడుగుతూనే ఉంది. 'ఇప్పుడే కలపండి', 'తర్వాత కలుపుతాను' అని రెండే మీటలు. 'వద్దు' అనేది లేనే లేదు. ఆ తయారుచేసినవాళ్ళ ఇళ్ళకి పెళ్ళిళ్ళ పేరయ్య వచ్చి ఇలాగే అడిగితే ఏమంటారో!

మా ఆవిడ గోళ్ళరంగు తెచ్చి రిమోట్ మీద రెండు మీటలకి ఎర్రచుక్కలు పెట్టింది. కుడి బాణం, దాని పక్కన ఓకే. అమ్మ ఇప్పుడు తెల్లవారుజామున లేచి, మొహం కడుక్కుని, వేలితో ఆ గరుకు తడిమి చూసుకుని, ఒకటి, రెండు అని నొక్కుతుంది. సుప్రభాతం మొదటి శ్లోకం కాస్తా ఆ నొక్కుళ్ళలోనే పోతోందని ఆవిడ ఫిర్యాదు. ఆ ఫిర్యాదు కంపెనీకి తెలుగులోనే రాసి స్పీడ్ పోస్టులో పంపాను. రసీదు దగ్గరుంది.