శంషాబాద్: రోడ్డు మీద పడుకునే కుర్రాడికి పగలు నీడ ఎక్కడ? వాలంటీర్లు ఏం చేయొచ్చు?

తెల్లవారుజామున ఫ్లైట్ కోసం ఆరాంఘర్ దాటి శంషాబాద్ వైపు వెళ్తుంటే ఫ్లైఓవర్ల కింద, మూసిన షాపుల ముందు దుప్పటి కప్పుకుని పడుకున్నవాళ్లు మీకూ కనిపించే ఉంటారు. వాళ్లలో పదిహేడేళ్ల వాళ్లు, ఇరవై ఏళ్ల వాళ్లు కూడా ఉంటారు. రాత్రి ఎలాగోలా గడిచిపోతుంది. తెల్లారాక స్నానం ఎక్కడ చేయాలి? ఫోన్ ఎక్కడ ఛార్జ్ చేసుకోవాలి? పనికి పోతే బట్టల సంచీ ఎవరి దగ్గర పెట్టాలి?

ఈ ప్రశ్నలకు జవాబుగా కొన్ని దేశాల్లో ‘డే సెంటర్లు’ నడుస్తున్నాయి. లండన్‌లో న్యూ హొరైజన్ యూత్ సెంటర్ 1967లో మొదలైంది. 16 నుంచి 24 ఏళ్ల వాళ్లు పగలు వెళ్లి తిని, స్నానం చేసి, బట్టలు ఉతుక్కుని, ఉద్యోగం గురించో అద్దె గది గురించో మాట్లాడి రావచ్చు. ఆ వయసు పరిధిని గుర్తుపెట్టుకోండి. మన దగ్గర చిక్కు అక్కడే ఉంది.

మన చట్టం పద్దెనిమిదో పుట్టినరోజు దగ్గర గీత గీస్తుంది. ఆ లోపు వాళ్లకు 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం వర్తిస్తుంది. 43వ సెక్షన్ కింద ‘ఓపెన్ షెల్టర్లు’ ఉండాలి. వీధిలో బతికే పిల్లలు కొద్దికాలం ఉండేందుకు ఉద్దేశించినవి ఇవి. డే సెంటర్‌కు దగ్గరగా ఉన్న ఏర్పాటు ఇదే.

పద్దెనిమిది నిండితే వేరే శాఖ, వేరే పథకం. 2013లో మొదలైన జాతీయ పట్టణ జీవనోపాధి మిషన్ ప్రతి లక్ష జనాభాకు కనీసం వంద మంది పట్టే ఒక షెల్టర్ ఉండాలని చెప్పింది. అదీ 24 గంటలూ తెరిచి ఉండాలి. కానీ మనం మాటల్లో ఇప్పటికీ ‘నైట్ షెల్టర్’ అనే అంటాం. పైగా ఈ లెక్క స్థానిక జనాభా ప్రకారం. ఇల్లు లేనివాళ్లు పని దొరికే చోట చేరతారు. 2008లో విమానాశ్రయం వచ్చాక హోటళ్లు, దాబాలు, గోదాములు, క్యాబ్‌లతో శంషాబాద్ అలాంటి చోటుగా మారింది.

మరి ‘ఆఫ్టర్‌కేర్’ లేదా అంటే, ఉంది. 18 నిండిన వాళ్లకు 21 ఏళ్ల దాకా ఆర్థిక సాయం అందించవచ్చు. అయితే అది సంరక్షణ సంస్థలో పెరిగి బయటికొచ్చిన వాళ్లకే. ఏ హోమ్‌లోనూ ఉండకుండా ఫుట్‌పాత్ మీదే పద్దెనిమిది నిండిన కుర్రాడు దీని కిందికి రాడు. నా దృష్టిలో ఈ మొత్తం వ్యవస్థలో పెద్ద కంత ఇదే.

విమానాశ్రయం దగ్గర మరో తేడా ఉంది. ఇంట్లోంచి పారిపోయిన పిల్లలు రైలు దిగితే, పెద్ద స్టేషన్లలో వాళ్లను గమనించడానికి ఆర్‌పీఎఫ్ సిబ్బంది, చైల్డ్ హెల్ప్‌డెస్క్‌లు ఉంటాయి. ఇక్కడ టికెట్, గుర్తింపు కార్డు లేనిదే టెర్మినల్‌లోకి రానివ్వరు. అమెరికాలోలా ఎయిర్‌పోర్టు లోపల తలదాచుకునే వీలు లేదు. అందుకే హైవే మీద దిగిన పిల్లాడు ఎవరి కంటా పడడు.

ఇక వాలంటీర్ల సంగతి. పుట్టినరోజు నాడు బిర్యానీ ప్యాకెట్లు పంచడం తప్పేమీ కాదు. కానీ ఏ షెల్టర్‌కైనా ఎక్కువగా కావాల్సింది వారం వారం అదే టైముకు వచ్చే మనిషి. ఫారాలు నింపడం, బ్యాంకు ఖాతా తెరవడానికి వెంట వెళ్లడం, ఆసుపత్రిలో ఓపీ క్యూలో నిలబడటం, శిక్షణకు దరఖాస్తు పెట్టించడం. శంషాబాద్ పరిసరాల్లోనే జీఎంఆర్ వరలక్ష్మి ఫౌండేషన్, ముచ్చింతల్‌లో స్వర్ణభారత్ ట్రస్ట్ యువతకు వృత్తి శిక్షణ ఇస్తున్నాయి. అక్కడిదాకా చేర్చడానికి ముందు ఆధార్ కావాలి, ఆధార్‌కు చిరునామా కావాలి. గుర్తింపు ఉన్న షెల్టర్ హోమ్ అధిపతి ఇచ్చే సర్టిఫికెట్‌ను ఆధార్ కేంద్రాలు చిరునామా రుజువుగా తీసుకుంటాయి. అది మూడు నెలలే చెల్లుతుంది కాబట్టి వెంటనే పని పూర్తి చేయించే మనిషి ఒకరు పక్కనుండాలి.

సెల్ఫీలు మాత్రం వద్దు. సంరక్షణ అవసరమైన పిల్లల గుర్తింపు బయటపెడితే 74వ సెక్షన్ ప్రకారం ఆరు నెలల దాకా జైలు, రెండు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ పడొచ్చు.

తోడు లేని మైనర్ కనిపిస్తే ఇంటికి తీసుకెళ్లకండి. 1098కి ఫోన్ చేయండి. 24 గంటల్లో బాలల సంక్షేమ కమిటీ ముందు హాజరుపరచాలి. సామాన్య పౌరుడు కూడా ఆ పని చేయొచ్చు. అలాంటి పిల్లల్ని తమ దగ్గర చేర్చుకుని సమాచారం ఇవ్వకపోతే అది నేరమే.

పద్దెనిమిది నిండిన వాళ్లకు చాలామందికి తెలియని హక్కు ఒకటుంది. ఇల్లు లేకపోయినా ఫారం-6తో ఓటు నమోదు చేసుకోవచ్చు, నివాస రుజువు పత్రం అడగరు. బూత్ స్థాయి అధికారి రాత్రిపూట వచ్చి, దరఖాస్తులో రాసిన చోటే ఆ మనిషి పడుకుంటున్నాడో లేదో చూస్తారు. ఒక్క రాత్రి కాదు, ఒకటికి మించిన రాత్రులు. కాబట్టి ఫారం నింపేటప్పుడు వాలంటీర్ అడగాల్సిన మొదటి ప్రశ్న: ‘ఈ వారమంతా ఇక్కడే పడుకుంటావా?’