మన పక్షపు మనిషి

'గ్రాండ్ తెఫ్ట్ ఆటో' అనే హింసతో నిండిన వీడియో ఆటను అమ్మే అమెరికా కంపెనీ టేక్-టూ, 2015 మే నెలలో బి.బి.సి.పై దావా వేసింది. తమ అనుమతి లేకుండా ఆ ఆట కథను టి.వి. నాటకంగా తీస్తూ తమ ట్రేడ్‌మార్కుకు భంగం కలిగిస్తున్నారని ఫిర్యాదు. అయినా సెప్టెంబరు 15న నాటకం ప్రసారమైంది.

అందులో ఒక ముఖ్యపాత్ర జాక్ థాంప్సన్. ఆ ఆట పిల్లలను చెడగొడుతుందని కోర్టుల్లో పోరాడిన క్రైస్తవ న్యాయవాది. మనవాడే గదా అని సంతోషించాను. తీరా చూస్తే, అసత్యాలు పలికాడనీ, ఎదుటి కక్షిదారులను అవమానించాడనీ 2008లో ఫ్లోరిడా సుప్రీంకోర్టు ఆయనను న్యాయవాద వృత్తినుండి శాశ్వతంగా తొలగించింది! తొమ్మిదవ ఆజ్ఞ మన పక్షానికీ వర్తిస్తుంది మరి.

ఇలాంటి ఆటలను ప్రసంగాల్లో ఖండించే మనలో, పిల్లవాని ప్రక్కన కూర్చుండి అవేమిటో చూచినవారెందరు? నేనైతే చూడలేదు.