జలమార్గ మను పేరు చాలునా?

కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతముల భక్తు లనేకులు ఏటేట శబరిమల యాత్ర ముగించుకొని, తిరుగు ప్రయాణమున కేరళదేశములో ఒకటి రెండు దినములు నిలిచి వచ్చుచుందురు. అట్టి యాత్రలో ఒకనాడు మేమును కొందరు మిత్రులతో కొల్లము రేవున మోటారు పడవ నెక్కి, ఎనిమిది గంటలు నీటిమీదనే ప్రయాణించి, ప్రొద్దు గ్రుంకువేళకు అలెప్పీ చేరితిమి. ఆ దినము మాకు వినోదముకంటె విచారమునే ఎక్కువగ కలిగించినది. ఆ విచారమును పాఠకులతో పంచుకొనుట మా విధి యని తలంచుచున్నాము.

కొల్లము విడిచిన వెంటనే అష్టముడి సరస్సు. తీరమున వరుసగ చీనా వలలు. పిమ్మట మార్గము సన్నగిల్లి కాలువయైనది. ఒక వైపున కొబ్బరితోపుల కావల సముద్రఘోష వినవచ్చుచుండెను. వేరొక వైపున ఇండ్లు, వాకిండ్లు, బట్ట లుదుకు మెట్లు. మధ్యాహ్నమునకు కాయంకుళము సరస్సును దాటి తృక్కున్నప్పుళ లాకు కడకు వచ్చితిమి. లాకు పడవలను దాటించుటకు మాత్రమే కాదు. సముద్రపు ఉప్పునీరు పొలములలోనికి ఎక్కకుండ అడ్డుటకు గూడ నుపయోగించును. అచ్చటి కుట్టనాడు పొలములు అనేకములు సముద్రమట్టమునకు దిగువన నున్నవి. గట్టు తెగెనా, లాకు చెడెనా, పంట పోయినట్లే. కావున అచ్చటి ప్రజలకు జలమార్గ రక్షణమన పొలముల రక్షణమే. కుట్టనాడున పుస్తకముల సంచులతో బడిపిల్లలు, బుట్టలతో స్త్రీలు రేవు రేవున పడవ ఎక్కి దిగుచుందురు. మనకు విహారమైనది వారికి బస్సు.

కొల్లమునుండి కొట్టప్పురము వరకు 168 కిలోమీటర్ల ఈ మార్గమును 1993లో మూడవ జాతీయ జలమార్గముగ ప్రకటించిరి. ప్రకటనకు ముందే అచ్చట పడవలు నడచుచుండెను. ప్రకటన వచ్చి వానికి బలము చేకూర్చినది. 1968 నుండి ఆ రాష్ట్రమున జలరవాణా కొక ప్రత్యేక శాఖయే కలదు. ఆ శాఖ 2017లో 'ఆదిత్య' యను సూర్యశక్తి పడవను వైక్కము రేవున ప్రవేశపెట్టినది. 2023లో కొచ్చి నగరమున దీవులను కలుపుచు విద్యుత్పడవల సర్వీసు ఆరంభమైనది.

ఆ సాయంకాలము అలెప్పీ రేవున దిగునప్పుడు ఎల్లారెడ్డి మిత్రు డొకడు మమ్మిట్లు ప్రశ్నించెను: "అయ్యా, మన మంజీరయు జాతీయ జలమార్గమే యని పత్రికలో చదివితిని. మన పడవ యేది?" మేము సమాధానము చెప్పలేకపోతిమి. ఆ ప్రశ్నకు సమాధానము వెదకుటయే ఈ వ్యాసము.

ఆ మిత్రుడు చదివినది నిజమే. 2016లో పార్లమెంటు చేసిన శాసనముచే దేశమున 111 జలమార్గములు జాతీయ జలమార్గము లైనవి. అందు 70వది మంజీర. సింగూరు ఆనకట్ట మొదలు కందకుర్తికడ గోదావరీ సంగమము వరకు. ఆ శాసనము నాటికి ఎల్లారెడ్డి రైతు తన పొలము దాపున జాతీయ జలమార్గము పారుచున్నదని ఎరుగడు. నేడును ఆ పేరువలన ఆతనికి కలిగిన లాభము శూన్యము. పేరు గొప్ప, ఊరు దిబ్బ యన్న సామెత ఇట్టి సందర్భమున గాక మరెప్పుడు పనికివచ్చును?

మన కోస్తా సోదరుల స్థితి యేమైన మేలా యని చూతము. వారికి తాతలనాటి జలమార్గమే కలదు. ధవళేశ్వరము ఆనకట్టను 1847-1852 సంవత్సరముల నడుమ నిర్మించినప్పుడు కాటన్ దొర కాలువలను సేద్యమునకు మాత్రమే త్రవ్వింపలేదు. లాకులు కట్టించి పడవలకును దారి చేసెను. విజయవాడ ఆనకట్ట 1855 నాటికి పూర్తికాగా, ఏలూరు కాలువ గోదావరీ కృష్ణా డెల్టాలను కలిపినది. కొమ్మమూరు కాలువ పెదగంజాముకడ బకింగుహాము కాలువను కలిసికొనినది. కాకినాడలో నెక్కిన సరకు సముద్రపు టలలను చూడకుండగనే చెన్నపట్టణము చేరగలిగెను. ధాత కరవునాడు ఆకటి మంటకు తాళలేక పనికి వచ్చిన కూలీల చెమట ఆ కాలువలో కలిసియున్నది. పేరు మాత్రము ఆనాటి గవర్నరుగారికి దక్కినది! ఉప్పు, వంటచెరకు, ధాన్యము దానిపై తరలిపోయెడివి. గాలియున్న తెరచాప, గాలిలేనిచో గట్టుమీద నడచి త్రాడుతో లాగు మనుష్యులు. అదియే నాటి మోటారు.

పిమ్మట రైలు వచ్చినది, రోడ్డు వచ్చినది. 1965, 1966 సంవత్సరముల తుపానులు కాలువను మిక్కిలి దెబ్బతీసినవి. మరమ్మతు చేయు నాథుడు లేక పూడిక పేరుకొనినది. పట్టణముల మురుగు దానిలో పడినది. ఐనను 2004 డిసెంబరులో సునామీ విరుచుకుపడినప్పుడు, పెదగంజాము మొదలు చెన్నై వరకు ఆ పాత కాలువయే ఉప్పెననీటిని చాలవరకు తనలో ఇముడ్చుకొని అనేకచోట్ల మత్స్యకారుల ప్రాణములను కాపాడినదని శాస్త్రజ్ఞులు గుర్తించిరి. మనము కాలువను మరచితిమి. కాలువ మనలను మరువలేదు.

2008లో ఈ కాకినాడ-పుదుచ్చేరి కాలువలను కృష్ణా గోదావరులతోకూడ నాలుగవ జాతీయ జలమార్గముగ ప్రకటించిరి. 2017లో ముక్త్యాల-విజయవాడల నడుమ మొదటి ఘట్టపు పనులకు శంకుస్థాపనము జరిగినది. కాని కాకినాడలో మోటారు పడవ నెక్కి పుదుచ్చేరిలో దిగిన ప్రయాణికుని మేము చూడలేదు. శంకుస్థాపన శిలపై పడవ నడువదు గదా!

ఇక మన మంజీర సంగతి. ఇచ్చట దోషము వేరొకటి. 1923 మొదలు 1931 వరకు అచ్చంపేట, బంజేపల్లి గ్రామముల నడుమ నిర్మింపబడిన నిజాంసాగరము సేద్యమునకై కట్టినది. నవాబు అలీ నవాజ్ జంగు బహద్దరు మేధాశక్తికి అది నిదర్శనము. కాని దానికి పడవలు దాటు లాకు లేదు. ఎగువ సింగూరు నిండినగాని దిగువకు నీరు రాదు. నాడు సుమారు 30 టి.యం.సీ.లు పట్టిన జలాశయము పూడికచే క్షీణించి నేడు 18 టి.యం.సీ.లకు లోపే పట్టుచున్నది. వేసవిలో దిగువ మంజీర ఇసుకతిన్నె. ఆ ఇసుకయు లారీల పాలగుచున్నది. 2025 ఆగస్టు చివర కామారెడ్డి జిల్లాలో కురిసిన కుంభవృష్టికి రైలు కట్టయు రహదారియు తెగిపోయినవి. వర్షాకాలమున ముంచునంత నీరు, వేసవిలో త్రాగ చాలని నీరు! నీటిని నిలుపలేని చోట పడవ నెట్లు నిలుపుదుము?

'రైలుండగా, రోడ్డుండగా పడవ యెందుకు?' అని కొందరు పరిహసింతురు. బరువైన సరకును తక్కువ ఖర్చుతో మోయుటకు నీటిని మించిన వాహనము లేదని కాటన్ దొర 1878లో బ్రిటిషు పార్లమెంటు ఉపసంఘము నెదుట వాదించెను. ఆ వాదము కోస్తా కాలువలకు నేటికిని చెల్లును. మంజీరకు అంతగా చెల్లదని ఒప్పుకొనుటకు మాకు సంకోచము లేదు. ఇచ్చట మొదట త్రాగునీరు, పిదప పొలము, ఆ పిదపనే పడవ. కాని పడవ నడువగల నదియన, పూడిక తీసిన నది, ఇసుక నిలిచిన నది, సంవత్సరము పొడుగునను నీరున్న నది. పడవ మనకు గమ్యము కాదు. నది బ్రతికి యున్నదనుటకు సాక్షి.

కావున మేము కోరునది అల్పము. మంజీర నౌకాయోగ్యమా కాదా యను విషయమును ప్రభుత్వము తెలుగున స్పష్టముగ ప్రచురించి ప్రతి పఠనాలయమునకు పంపవలయును. కానిచో, కాదని చెప్పుటలో అవమానము లేదు. అగుననుచు ఊరకుండుటయే అవమానము. రెండవది, నిజాంసాగరపు పూడికకును దిగువ ఇసుక దోపిడికిని అడ్డు కట్టవలయును. మూడవది, జలాశయమున నీరున్న నెలలలోనైన తీరగ్రామములను కలుపు ఒక చిన్న పడవ సర్వీసును ప్రభుత్వమే నడిపి చూడవలయును. 2019 సెప్టెంబరులో కచ్చులూరుకడ గోదావరిలో మునిగిన పడవ ఎన్ని కుటుంబములను దుఃఖసముద్రమున ముంచినదో మరువరాదు. తనిఖీ లేని పడవకంటె పడవ లేకుండుటయే మేలు; ప్రతి ప్రయాణికునికి ప్రాణరక్షక కవచము తప్పనిసరి కావలయును. నాలుగవది, కోస్తా కాలువ నంతటిని ఒక్కసారి బాగుచేయుదుమనుట మాని, రెండు లాకుల నడుమ నొక్క తునకనైన మురుగు తొలగించి, పడవ నడిపి చూపవలయును.

అలెప్పీ రేవున మిత్రు డడిగిన ప్రశ్నకు నేటికిని సమాధానము లేదు. కాని ప్రశ్న యిప్పు డొక్కనిది కాదు. కామారెడ్డి, ఎల్లారెడ్డి పఠనాలయములలో ఈ పత్రికను చదువు ప్రతి పౌరుడును తన శాసనసభ్యుని, తన పార్లమెంటు సభ్యుని ఇదే ప్రశ్న అడుగుగాక. పేరు ఢిల్లీ ఇచ్చినది. నీరు వానదేవు డిచ్చుచున్నాడు. ఆ నీటిని నిలుపు కర్తవ్యము మాత్రము మనది, మన ప్రభుత్వముది.