చీనా రాజకుమారుడు

వినాయక చవితి దగ్గరపడిందంటే మా కామవరపుకోట బజారులోకి బేరికాయల బళ్ళు దిగుతాయి. కొనవచ్చినవారు ఒక కాయ తీసి బొటనవేలితో నొక్కి చూసి, "ఇంకా పండలేదయ్యా!" అని పెదవి విరిచి తిరిగి గుట్టలో పడేస్తారు. బండివాడేం చెబుతాడు, పాపం! ఆ కాయ అంతకన్న పండదు.

ఈ రహస్యం మనకి తెలియకపోయినా మన భాషకి తెలుసు. మామిడిపండు అంటాం, అరటిపండు అంటాం. జామకాయ, బేరికాయ అంటాం. మెత్తబడ్డాక తినేది పండు, కరకరలాడుతుండగా తినేది కాయ. అపవాదాలు లేకపోలేదనుకోండి, తెలుగు మేష్టరికి అపవాదాలతోనే గదా కాలక్షేపం!

పాశ్చాత్యుల బేరి వేరు. దాన్ని గట్టిగా ఉండగా కోసి, ఇంట్లో మాగబెట్టి, వెన్నలా అయ్యాక తింటారు. ఆసియా బేరి చెట్టుమీదే పక్వానికి వస్తుంది, కోసినా గట్టిగానే ఉంటుంది. మనకు వచ్చే నాటు బేరి చాలామటుకు ఈ జాతిదే, కాకుంటే దాని సంకరం. పంజాబువారు దీన్ని పత్తర్‌నాఖ్, అంటే రాతి బేరి, అని పిలుచుకుంటారు. పంటికింద ఇసుకలా తగిలే పలుకులు దీని సహజగుణం, లోపం కాదు. తొక్క కాస్త మందంగా తీసి, పులిసే నడిబొడ్డు వదిలేసి, కుండనీళ్ళలో కాసేపు ఉంచి తినండి. చెరకుముక్క కొరికినట్టు నోరంతా నీరవుతుంది. మా పిల్లలు ఉప్పూకారం అద్దుకుంటారు. నేను వద్దనను, ఎందుకంటే నేనూ అద్దుకుంటాను.

ఇంత మోటుగా కనిపించే కాయకి ఒకప్పుడు సంస్కృతంలో ఎంత గొప్ప పేరుండేదో తెలుసునా? చీనరాజపుత్రం! ఈ మాట చెప్పినవాడు చీనా యాత్రికుడు హ్యూయన్ త్సాంగ్. కనిష్కుని కాలంలో చీనా దిక్కునుంచి హామీగా పంపిన రాజకుమారులు పంజాబు ప్రాంతంలో విడిది చేశారట. ఈ దేశంలో అంతకుముందు లేని బేరినీ పీచ్‌నీ వారే నాటారట. అందుచేత ఒకటి చీనరాజపుత్రం, రెండోది చీనాని అయినాయని ఆయన రాశాడు. అదే యాత్రికుడు 7వ శతాబ్దంలో మన ఆంధ్రదేశానికీ వచ్చాడు. ఆయన చెప్పిన రాజధాని వేంగి అనీ, అది ఏలూరు దగ్గరి పెదవేగి అనీ చరిత్రకారులు గుర్తించారు. అప్పటికే మా మండలంలోని గుంటుపల్లి బౌద్ధగుహలు వందల ఏళ్ళ నాటివి. బేరి పేరు రాసిపెట్టిన మనిషి మా పొరుగుదాకా వచ్చి వెళ్ళాడన్నమాట! కాయకి ఇప్పుడా బిరుదు లేదు. రాయలసీమలో మాత్రం బత్తాయి దర్జాగా చీనీకాయ అనిపించుకుంటోంది.

జపానువారు బేరిని నాషి అంటారు. ఆ ధ్వనికే 'లేదు' అనే అర్థమూ ఉంది. ఇంట్లో పండు పెట్టుకుని 'లేదు, లేదు' అంటే అశుభం గదా! అందుకని 'అరి నో మి', ఉన్నదనే పండు, అని మారుపేరు పెట్టుకున్నారు. బియ్యం అయిపోతే 'నిండుకున్నాయి' అనే మన ఇల్లాలూ, ఆ జపాను ఇల్లాలూ ఒకే బడిలో చదివి ఉండాలి.

ఈ చెట్టు మా మెట్టలో కాయదు. శీతకాలంలో ఏడు డిగ్రీలకు తగ్గిన చలి కొన్ని వందల గంటలు తగిలితేగాని చాలా రకాలు పూతకు రావు. మా పుష్యమాసపు చలి దాని లెక్కలోకి రాదు. పూసినా అంతటితో కాదు. సాధారణంగా ఒక రకం పువ్వుకి వేరొక రకం పుప్పొడి అందాలి. అందించేవి తేనెటీగలు. చీనాలో సిచువాన్ రాష్ట్రపు హన్యువాన్ అనేచోట 1980 ప్రాంతాలనుంచీ రైతులే చెట్లెక్కి, కోడి ఈకల కుంచెలతో పువ్వుపువ్వుకీ పుప్పొడి అద్దుతున్నారు. మందులు జోరుగా కొట్టడంవల్ల తేనెటీగలు కరువైపోవడం అందుకో ముఖ్యకారణం. పువ్వుకొక మనిషి! తలుచుకుంటే నాకు కాయ గొంతు దిగలేదు.

ఈ సంగతి మా బావకి చెప్పాను. ఆయనకి ఊరిబయట మామిడితోట ఉంది, గట్టున జీడిమామిడి ఉంది. పూత నిండుగా ఉన్నప్పుడే మందు కొట్టడం ఆయన అలవాటు.

"మాస్టారూ, నువ్వు పద్యాలు చెప్పుకో. తేనెమంచు పురుగు పూతనంతా మాడ్చేస్తే అప్పు నువ్వు తీరుస్తావా?" అన్నాడు.

ఆయన మాటలో న్యాయం ఉంది. ఆ పురుగు పడితే పూత నల్లబడి రాలుతుంది. ఏడాది కష్టం పోతుంది. కాని మందు మానమని నేనన్లేదు. పూమొగ్గ కనబడగానే ఒకసారి, పిందె కట్టాక మరోసారి కొట్టి, నడుమ పువ్వు విచ్చిన రోజుల్లో ఆపమనే వ్యవసాయశాస్త్రమూ చెబుతుంది. మామిడికి తేనెటీగలతోపాటు ఈగలూ పుప్పొడి మోస్తాయి. మనం అసహ్యించుకునే ఈగల్లో కొన్నిటి కష్టమే వేసవిలో మన విస్తట్లో రసాలై పడుతోంది.

బావ చాలాసేపు ఆలోచించాడు. బేరిముక్క ఒకటి నోట్లో వేసుకుని, "చెరువువైపు నాలుగు చాళ్ళు ఈ ఏడు నీ ప్రకారమే చేస్తాను. కాపు తగ్గిందో, నీ జీతంలో కోత!" అన్నాడు.

నేను ఒప్పుకున్నాను. వైశాఖంలో కాయ దింపేనాటికి లెక్క తేలుతుంది.