ప్రత్యర్థి లేని బరి

2020 మార్చిలో దేశదేశాల వ్యాయామశాలలకు తాళాలు పడ్డాయి. పరుగు సాధన చేసేవారికి మేడపైనైనా కాస్త చోటు దొరికింది. కరాటేలో కుమితే పోటీదారుకు ఆ పాటి వీలు కూడా లేకపోయింది. కతా విన్యాసాలను ఒంటరిగా అభ్యసించవచ్చు. కుమితేకు మాత్రం ఎదుట మనిషి కావాలి, అతని భుజం కదలికను బట్టి మన అడుగు పడాలి. మహమ్మారి ఆ ఎదుటి మనిషినే దూరం చేసింది.

అదే మార్చి 24న టోక్యో ఒలింపిక్స్ ఏడాదిపాటు వాయిదా పడ్డాయి. కరాటేకు ఒలింపిక్ ప్రవేశం అదే మొదలు. 2024 పారిస్ క్రీడలకు నిర్వాహకులు ప్రతిపాదించిన అదనపు క్రీడల జాబితాలో దానికి చోటు లేదని అప్పటికే తెలుసు. జీవితంలో ఒక్కసారి తెరుచుకునే తలుపు ముందు నిలబడి, అది అసలు తెరుచుకుంటుందో లేదో తెలియని స్థితి ఎంత బరువైనదో ఊహించండి.

ఇటువంటి వేళ క్రీడా మనస్తత్వ నిపుణులు చేసే సహాయం చాలా సాదాగా ఉంటుంది. పతకం మన చేతిలో లేదు, ఈ వారం నడుము తిప్పే తీరు సరిదిద్దుకోవడం మన చేతిలో ఉంది. కనుక గురిని వారానికి కుదిస్తారు. నిద్రకూ సాధనకూ వేళలు నిర్ణయిస్తారు. కళ్లు మూసుకొని ప్రత్యర్థి రాకను, తన ఎదురుదాడిని మనసులో చూడమంటారు. నిజమైన కదలికకు పట్టేంత సమయమే ఊహలోనూ పట్టాలి, లేకుంటే అది పగటికలే. ఐదు పూటల నమాజు గల ఇంట రోజుకు ఒక క్రమం ముందే ఉంటుంది. నమాజును ఒత్తిడి తగ్గించే కసరత్తుగా చూడమని కాదు, ఆ వేళల నడుమ సాధనను అమర్చుకోవడం సులువని మాత్రమే.

మన ఇళ్లలో ఒక మాట వినిపిస్తుంటుంది: ‘దిగులు పడుతున్నావంటే నీ ఈమాన్ బలహీనమైందన్నమాట.’ ఈ మాట అనకండి. కుమారుని ఎడబాటుతో హజ్రత్ యాఖూబ్ (అలైహిస్సలాం) కళ్లు తెల్లబడ్డాయని దివ్యఖుర్ఆన్ యూసుఫ్ సూరా తెలుపుతోంది. ఆ దుఃఖం విశ్వాస లోపమని ఎవరనగలరు? పిల్లవాడు వారాల తరబడి నిద్రపోకున్నా, చావు మాట ఎత్తినా దుఆతోపాటు వైద్యుని వద్దకూ తీసుకెళ్లాలి.

చివరకు టోక్యో బరి తెరుచుకుంది. 2021 ఆగస్టు 7న ఫెర్యాల్ అబ్దుల్ అజీజ్ స్వర్ణం గెలిచి, ఈజిప్టుకు ఆ ఘనత తెచ్చిన తొలి మహిళ అయింది. అదే రోజు పురుషుల ఫైనల్లో సౌదీ యువకుడు తారిఖ్ హామిదీ 4-1 ఆధిక్యంలో ఉండగా, అతని కాలి దెబ్బకు ఇరాన్ ఆటగాడు సజ్జాద్ గంజ్‌జాదే స్పృహ తప్పాడు. దెబ్బ అదుపు తప్పినందుకు హామిదీ అనర్హుడయ్యాడు, స్వర్ణం గంజ్‌జాదేకు దక్కింది. దైవప్రవక్త (సల్లం) బలాన్ని మల్లయుద్ధంలోని గెలుపుతో గాక కోపాన్ని నిగ్రహించే శక్తితో కొలిచారు. ఆ దెబ్బలో కోపం ఉందని నేననను. అయితే నిర్ణయంతో ఏకీభవించకపోయినా దానిని అంగీకరిస్తున్నానని హామిదీ చెప్పిన తీరులో నాకు ఆ బలం కనిపించింది.

ఆ రోజుల్లో కరాటే, తైక్వాండో మానేసి మళ్లీ వెళ్లని పిల్లలు మన వీధుల్లోనూ ఉన్నారు. ‘ఎందుకు మానేశావు?’ అని నిలదీయకుండా, ఒక సాయంత్రం అరచేతులకు ప్యాడ్లు తొడుక్కొని వారి ఎదుట నిలబడి చూడండి.