సిలబస్‌లో చోటులేని లంద

డిగ్రీ చివరి ఏడాది కర్బన రసాయనశాస్త్ర ప్రాక్టికల్ పరీక్షలో నన్ను అడిగిన మొదటి ప్రశ్న రసాయనశాస్త్రానికి చెందినది కాదు. ‘మీ నాన్న ఏం చేస్తాడు?’ అన్నది ఆ ప్రశ్న. వ్యవసాయమని అబద్ధం చెప్పాను. ప్రకృతిలో దొరికే పాలీఫినాల్‌కు ఉదాహరణ చెప్పమన్నది రెండో ప్రశ్న. తంగేడు చెక్క, కరక్కాయ అన్న మాటలు నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోయాయి. అవి పైకి అంటే అబద్ధం బయటపడుతుందని భయం. తెలిసిన జవాబును మింగి, తెలియనివాడిగా ఆ గదిలోంచి బయటికి వచ్చాను.

మా తాత లందలో తోళ్లు ఊనేవాడు. పచ్చితోలును ముందుగా సున్నపు నీటిలో ఉంచుతారు. ఆ క్షారం వెంట్రుకల్లోని కెరటిన్‌ను దెబ్బతీసి, వాటిని ఊడివచ్చేలా చేస్తుంది. ఆ తరువాత తంగేడు చెక్క నానిన నీటిలో రోజుల తరబడి నానబెడతారు. చెక్కలోని టానిన్లు తోలులోని కొల్లాజెన్‌తో హైడ్రోజన్ బంధాలు ఏర్పరుస్తాయి. కుళ్లవలసిన తోలు ఏళ్ల తరబడి నిలుస్తుంది. క్షార జలవిశ్లేషణ, ఫినాల్‌లు, ప్రొటీన్లు నేడు నేను బోధించే కోర్సులో వేర్వేరు అధ్యాయాలు. లందలో అవన్నీ ఒకే పని. మా తాతకు అణు నిర్మాణాలు తెలుసునని నేను అనడం లేదు. ఎంత సున్నం వేయాలో, తోలును ఎప్పుడు తీయాలో చేతితో, ముక్కుతో కనిపెట్టేవాడు. శాస్త్రంలో దాన్ని పరిశీలన అంటారు. ఊళ్లో మాత్రం అంటరానితనమన్నారు. చాకలి చౌడు మట్టి, గీత కార్మికుని కల్లు కుండ, అద్దకందారుల నీలి తొట్టి కథ కూడా ఇంతే.

ఈ మాట నేనే కొత్తగా చెప్పడం లేదు. ఆచార్య ప్రఫుల్ల చంద్ర రే 1902, 1909లలో రెండు సంపుటాలుగా వెలువరించిన హిందూ రసాయనశాస్త్ర చరిత్రలో, ఈ దేశంలో శాస్త్రీయ దృష్టి క్షీణించడానికి కులవ్యవస్థ ఒక ముఖ్య కారణమని వాదించారు. చేతిపనిని కింది కులాలకు వదిలి మేధావులు దూరం జరగడంతో, ‘ఎందుకు, ఎలా’ అని అడిగేవారే కరువయ్యారన్నది ఆయన వాదన సారాంశం. మన రసాయనశాస్త్ర విద్యార్థుల్లో ఎందరికి ఈ సంగతి చెబుతున్నాం?

‘అణువులకు కులం లేదు కదా’ అని సహాధ్యాపకులు అంటారు. నిజమే. కానీ మార్కులు వేసేది అణువులు కాదు. ఎయిమ్స్‌లో ఎస్సీ, ఎస్టీ విద్యార్థుల స్థితిగతులపై 2007లో నివేదిక ఇచ్చిన థోరట్ కమిటీ ముందు, ప్రాక్టికల్స్‌లో, మౌఖిక పరీక్షల్లో తమకు న్యాయం జరగడం లేదని ఆ విద్యార్థులు చెప్పుకున్నారు. హైదరాబాద్, విశాఖ చుట్టూ విస్తరించిన ఔషధ పరిశ్రమలో పరిశోధన విభాగానికి దారి ఈ కోర్సు నుంచే మొదలవుతుంది. ఇక్కడ పోయే నాలుగు మార్కులు పీజీ సీటును, ఆపై బతుకు దారినే మార్చగలవు.

అందుకే నా ప్రతిపాదనలు మూడు. మౌఖిక పరీక్షలో విద్యార్థికి హాల్ టికెట్ నంబరే గుర్తింపు కావాలి. ప్రశ్నలు చీటీల ద్వారా రావాలి, మార్కులకు కారణం రాతలో ఉండాలి. చర్యా విధానాలను తెలుగులోనూ వివరించాలి. కారణం అర్థంకానప్పుడే విద్యార్థి బట్టీని ఆశ్రయిస్తాడు. తోలు, రంగు, సబ్బు, కల్లు వెనుక ఉన్న రసాయనశాస్త్రాన్ని, దాన్ని కాపాడిన శ్రమను పాఠంలో చేర్చాలి. ఇది కులవృత్తులను కీర్తించడం కాదు. ఎవరూ తిరిగి లందలోకి దిగకూడదు. కానీ అక్కడి జ్ఞానం తరగతి గదిలోకి రావాలి.

నేనిప్పుడు ఫినాల్‌ల పాఠానికి తంగేడు చెక్క పట్టుకెళతాను. మా తాత వృత్తి ఏమిటో మొదట నేనే చెబుతాను. మొన్న ఒక విద్యార్థిని వెనుక బెంచీ నుంచి లేచి, ‘మా తాత కూడా ఇదే పని చేసేవాడు సార్’ అంది. తరువాత టానిన్ గురించి ఆమె అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పడానికి నేను మళ్లీ పుస్తకాలు తిరగేయవలసి వచ్చింది.