బస్తాలు దిగితే గోడ లేచినట్టేనా?

ఆదివారం మా గదిలో నలుగురు తెలుగువాళ్లం కలిస్తే చాలు, మాట షేర్ల మీదికి పోతోంది. ఏ సెల్‌ఫోన్ కంపెనీ షేరు కొనాలి, ఎవరివి ఎన్ని కోట్ల ఫోన్లు పోయాయి అని ఒకటే వాదన. మొన్న ఒక తమ్ముడు ఊళ్లో అప్పు తీర్చడానికి దాచిన డబ్బు తీసి పెడతానన్నాడు. కారణం అడిగితే, "మార్కెట్లో నంబర్ వన్ అంట అన్నా" అన్నాడు. అతనికి చెప్పిన మాటే అందరి ముందూ పెడుతున్నాం.

ఈ జర్మనీలోనే బోకుమ్ అనే ఊళ్లో నోకియా ఫ్యాక్టరీ ఉండేది. దాన్ని మూసేస్తున్నట్టు 2008 జనవరి 15న కంపెనీ ప్రకటించింది. సుమారు 2,300 మంది ఉద్యోగాలు పోయాయి. ఖర్చు తక్కువని పనిని రుమేనియాకు తరలించారు. సరిగ్గా తొమ్మిది రోజులకు అదే కంపెనీ 2007 లెక్కలు చదివింది. ఏడాదిలో దాదాపు 43.7 కోట్ల ఫోన్లు, సుమారు 720 కోట్ల యూరోల లాభం, చివరి మూడు నెలల్లో ప్రపంచ మార్కెట్లో 40 శాతం వాటా! ఇక తిరుగేముంది అనుకున్నారు షేర్లు పట్టుకున్నవాళ్లు.

బోకుమ్ కబురు వచ్చిన ఆ జనవరి 15నే అమెరికాలో ఆపిల్ కంపెనీ, 200 రోజుల్లో 40 లక్షల ఐఫోన్లు అమ్మామని చెప్పింది. 43 కోట్ల ముందు 40 లక్షలు ఏపాటి? కానీ గాలి మారింది అక్కడే. 2007 చివర 25 యూరోలు దాటిన నోకియా షేరు 2012లో 2 యూరోల కిందికి పడింది. రుమేనియా ఫ్యాక్టరీని కూడా 2011లో మూసేస్తామన్నారు. 2014లో ఫోన్ల వ్యాపారం మైక్రోసాఫ్ట్ చేతికి పోయింది. అదే ఏడాది మన పక్కనే, చెన్నై దగ్గర శ్రీపెరంబుదూరు ఫ్యాక్టరీకీ తాళం పడింది.

మరి ఆ 40 శాతం అబద్ధమా? కాదు. దాన్ని చదవడంలోనే ఉంది తిరకాసు. మేం సైటు మీద బతికేవాళ్లం. లారీ దిగిన సిమెంటు బస్తాలు వేరు, గోడలో పడ్డ బస్తాలు వేరు. స్టాకు రిజిస్టరు చూసి ఇల్లు పూర్తయిందని ఏ మేస్త్రీ అనడు. ఫోన్ల లెక్కా అంతే. కంపెనీలు చెప్పే అంకె చాలాసార్లు డీలర్లకు పంపిన సరుకుది. అందులో జనం చేతికి చేరినవెన్ని, అంగడి అరల్లో ఉన్నవెన్ని అనేది వేరే లెక్క. చవక ఫోనూ ఒకటే, ఖరీదైన ఫోనూ ఒకటే అని లెక్కిస్తే లాభం ఎటు జారుతోందో కనబడదు. అన్నిటికన్నా ముఖ్యం, అది నిన్నటి కొనుగోలు. రేపు పాత ఫోను పక్కన పెట్టి జనం ఏది అడుగుతారో అందులో రాసి ఉండదు.

షేర్లు వద్దనడం లేదు. మిగులు డబ్బుంటే, తెలుసుకుని పెట్టండి. ఎవరైనా అంకె చెబితే మూడు మాటలు అడగండి: గోడౌన్ దగ్గర లెక్కించారా, గిరాకీ చేతిలోనా? ఎంత ధరకు పోయింది? పోయినేడాది కంటే పెరిగిందా, తగ్గిందా?

అప్పు తీర్చే డబ్బు మాత్రం అప్పుకే పోవాలి. కంపెనీ గెలిచినా ఓడినా ఊళ్లో వడ్డీ ఆగదు. నంబర్ వన్ కంపెనీలో పనిచేసిన బోకుమ్ కార్మికులకే ఆ అంకె అక్కరకు రాలేదు. మన చెమట సొమ్మును అది కాపాడుతుందని ఏ ధైర్యంతో నమ్ముదాం?